కాఫీ కప్పు మీద వేఫర్

ఆఫీసు పని మీద సింగపూర్‌లో ఉన్న నెలలో, ఒక ఆదివారం ఉదయం మడత సైకిల్ మీద ద్వీపం పడమటి చివరున్న తువాస్ దాకా వెళ్లాను. తిరిగొస్తూ బూన్ లే చేరేసరికి కాళ్లు మొరాయించాయి. అక్కడి హాకర్ సెంటర్‌లో, అంటే చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోట, కాఫీ తెచ్చుకుని, సైకిల్ హెల్మెట్ పక్కన పెట్టుకున్న ఒక చైనీస్ పెద్దాయన ఎదుట కూలబడ్డాను.

జేబులోంచి డచ్ కారమెల్ వేఫర్ తీశాను. రెండు పల్చటి వేఫర్ల మధ్య పాకం ఉంటుంది. సైకిల్ తొక్కేవాళ్లకి శక్తినిస్తుందంటే కొన్నాను. దారిలో రెండు తింటే పళ్లకి అంటుకుపోయి, నీళ్లతో మింగాల్సి వచ్చింది.

మూడోది కొరకబోతుంటే ఆయన ఇంగ్లీషులో ఆపాడు. "తొక్కేటప్పుడైతే అది పెట్రోలు. ఇప్పుడు కూర్చున్నావు కదా." దాన్ని నా కప్పు మీద మూతలా పెట్టాడు. "ఆవిరి పట్టనీ. తొందరేం లేదు లా," అన్నాడు, మాట చివర సింగపూర్ వాళ్ల అలవాటు "లా" తగిలించి.

"ఇదెవరు నేర్పారు అంకుల్?"

"షిప్‌యార్డులో మా సూపర్‌వైజర్ డచ్చాయన. టీ టైములో ఇది మెత్తబడేదాకా మమ్మల్ని పనిలోకి పిలిచేవాడు కాదు."

పాకం కరిగాక తిన్నాను. దాల్చినచెక్క వాసన అప్పుడు తెలిసింది. ఆ నెలంతా నేనెక్కడా పది నిమిషాలు ఊరికే కూర్చోలేదని కూడా తెలిసింది.

మళ్లీ తొక్కే ఓపిక మాత్రం రాలేదు. సైకిల్ మడిచి రైలెక్కాను. సిగ్గనిపించలేదు.