తప్పు నాదంటే నాది

నాకు నోరెక్కువ. ఎవరూ చెప్పనక్కర్లేదు, నాకే తెలుసు. మియాపూర్‌లో కిరాయికున్నప్పుడు నీళ్ళు వదలడం లేదని ఇంటి ఓనరమ్మతో వారానికి రెండుసార్లు పోట్లాడేదాన్ని. చిల్లర లేదన్న కండక్టరుతో మదీనాగూడలో మొదలైన గొడవ నేను బస్సు దిగేదాకా సాగేది. "సీమ నుంచి వచ్చిందిరోయ్, జాగ్రత్త" అని ఆఫీసులో మగవాళ్ళు నవ్వుకుంటే, ఏమిటా నవ్వు అని వాళ్ళ మీదా లేచేదాన్ని. అలాంటి నోరు ఒకసారి, ఐదంటే ఐదు నిమిషాలు, మూతపడింది. ఆ ఐదు నిమిషాల్లో ఒక మనిషి ఉద్యోగం పోయింది. ఈ సంగతి మా ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పలేదు. ఆ ఆఫీసులో అసలే చెప్పలేదు.

అది తొంభయ్యో దశకం చివర. కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల మేడకు కూతవేటు దూరంలో, ఒక కిరాయి భవనం రెండో అంతస్తులో మా ఆఫీసు. కిటికీలోంచి చూస్తే బండరాళ్ళు, తుమ్మచెట్లు, వాటి మధ్య దుమ్ము రేపుకుంటూ లారీలు. నా పని వైటుకె. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో రాసిపెట్టారు. రెండు వేలు రాగానే ఆ రెండూ సున్నాలైపోయి, కంప్యూటరు దాన్ని పందొమ్మిది వందలనుకుంటుందని లోకమంతా ఒకటే భయం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరిదో పరాయి దేశపు బ్యాంకు ప్రోగ్రాముల్లో రెండంకెలను వెతకడం, నాలుగు చేయడం. పేరు గొప్ప గానీ చేసేది బియ్యంలో రాళ్ళేరడమే.

ఆ ఉద్యోగం పోయిన మనిషి పక్క హాల్లో డేటా ఎంట్రీ ఆపరేటర్. గోపన్‌పల్లి మనిషి. నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద, అందుకని అన్నా అని పిలిచేదాన్ని. అతను మాత్రం నన్ను మేడం అనే పిలిచేవాడు, ఎన్నిసార్లు వద్దన్నా. ఐటిఐలో ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివాడు. ఆ పని దొరక్క టైపు నేర్చుకుని మా దగ్గర కాంట్రాక్టు మీద చేరాడు. వైటుకె అయిపోతే ఆ కాంట్రాక్టూ అయిపోతుందని అందరికీ తెలుసు. ఒకరోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని గ్రాఫ్ కాగితాల పుస్తకంలో గళ్ళు నింపుతున్నాడు. ఒక్కో గడికి ఒక్కో రంగు స్కెచ్ పెన్ను. తొంగి చూస్తే, మూడు తోకల ఉడుము.

"ఏంది అన్నా ఇది?" అన్నాను, అతని భాషలోనే.

"ఉడుము మేడం. కొట్టనీకొస్తె రాయైతది. మళ్ళ తన వంతొచ్చినంక పానం వస్తది."

"ఎవరి వంతు?"

పుస్తకం మొదటి పేజీకి తిప్పాడు. పది గళ్ళు అడ్డం, పది గళ్ళు నిలువు. అటు ఐదు జంతువులు, ఇటు ఐదు జంతువులు. ఉడుము ఒకటే కాదు. చెరువు నీళ్ళను మూటగట్టి మోసే కుందేలుంది. రెక్క విప్పితే చుట్టూ నాలుగు గళ్ళు చీకటి చేసే గబ్బిలముంది. ఈతచెట్టంత పొడుగు మెడతో మూడు గళ్ళ అవతలి దాన్ని పొడిచే కొంగ ఉంది. ఒకరు జరిపాక ఇంకొకరు జరపాలి. తొందరేం లేదు, ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు. అప్పట్లో మా ఆఫీసు మగపిల్లలందరూ తుపాకులు పేల్చే ఆటలాడేవాళ్ళు. నాకు ఆ చప్పుడంటేనే ఒళ్ళుమంట. ఇది చూడగానే మనసు లాగింది. శనివారం మధ్యాహ్నాలు ఆఫీసు ఖాళీగా ఉంటుంది కదా, ఇద్దరం కూర్చుని దీన్ని కంప్యూటర్లో చేద్దామన్నాను. బొమ్మలూ నియమాలూ అతనివి, ప్రోగ్రాం నాది. పక్కన కూర్చుని ప్రోగ్రాం రాయడం కూడా నేర్చుకుంటానన్నాడు.

ఆటలో అన్నిటికంటే మంచి నియమం ఒక టీ కప్పు వల్ల పుట్టింది. ఒక శనివారం నా చెయ్యి తగిలి టీ అంతా కీబోర్డు మీద ఒలికింది. సోమవారం సూపర్‌వైజర్ వచ్చి ఎవరి నిర్వాకమని అరిచాడు. నేను నోరు తెరిచేలోపే అతను "నేనే సార్, నా చెయ్యే తాకింది" అన్నాడు. నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. "కాదు సార్, నేను ఒలకబోశాను, ఆయనకేం సంబంధం లేదు" అన్నాను. "అరె, నాదే సార్." "కాదు, నాదే." సూపర్‌వైజర్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, మీ ఖర్మ అనుకుంటూ వెళ్ళిపోయాడు.

"నీకేం పట్టింది అన్నా, నా తప్పు నెత్తిన వేసుకోవడానికి?" అని కేకలేశాను.

అతను పడీపడీ నవ్వాడు. "మా ఊర్ల గంతే మేడం. ఎవరన్న తప్పు జేస్తే పక్కోడు ముందుగాల నాదంటడు. చేసినోడు ఊకుంటడా? కాదు, నాదే అంటడు. ఇద్దరు నాదంటే నాదన్నంక పెద్దమనిషి ఎవర్నేమంటడు? చాయ్ తాగి పోతడు."

అదే ఆటలో పెట్టాం. ఒక జంతువు మీద దెబ్బ పడబోతుంటే పక్క గడిలో ఉన్నది "నాది" అని అడ్డం రావచ్చు. అప్పుడు మొదటిది ఊరుకుంటే దెబ్బంతా అడ్డం వచ్చినదానికే తగులుతుంది. మొదటిది కూడా "నాది" అంటే దెబ్బ గాలికి పోతుంది, ఇద్దరికీ ఏం కాదు. కాకపోతే అలా అన్నందుకు దాని తర్వాతి వంతు పోతుంది. ఎంత చిన్న నియమం! దానితో ఆట ఆటంతా మారిపోయింది. ఎవర్ని ఎవరి పక్కన నిలబెట్టాలి, ఎవరి కోసం ఎవరి వంతు వదులుకోవాలి అన్నదే ఆలోచన. నేనెప్పుడూ గెలవాలని తొందరపడి వంతు వదులుకునేదాన్ని కాదు. అతను గీసిన ఉడుము పాపం, నా వైపు ఆడుతూ నా కుందేలు కోసం ఎన్నిసార్లు చచ్చిందో.

ఏడెనిమిది నెలలు పట్టింది. చివరగా మిగిలింది ఆటను మధ్యలో ఆపి దాచుకునే ఏర్పాటు. ఐదు ఆటలు మాత్రమే దాస్తుంది, ఆరోది దాస్తే అన్నిట్లోకీ పాతది చెరిగిపోతుంది. ఏది పాతదో తేదీని బట్టి చూసుకుంటుంది. అది రాస్తుంటే అతను పక్కనుంచి తెర మీద వేలు పెట్టాడు.

"మేడం, సంవత్సరం రెండంకెలే పెడ్తున్రు?"

"ఆటకు నాలుగెందుకు బ్బా! పొద్దస్తమానం అదే గోలనా, ఇక్కడ కూడానా?"

అతను తెర మీంచి వేలు తీసేశాడు. నాకు ఆ రోజు తలనొప్పిగా ఉంది, ఆకలిగా ఉంది, అతను ఆపరేటరు, నేను ఇంజనీరును. కారణాలు చెప్పమంటే ఇంకో పది చెప్తాను. అన్నిట్లోకీ నిజమైనది ఆ చివరిదే.

ఆట సంగతి ఎలాగో డైరెక్టర్ చెవిన పడింది. కోస్తా మనిషి, అండి లేకుండా మాట్లాడడు. మమ్మల్ని పిలిచి, "వైటుకె అయ్యాక మనకంటూ ఏదో ఒకటి ఉండాలండి. శుక్రవారం చూపించండి. బాగుంటే నలుగురితో చిన్న టీం పెడదాం. మీరు లీడ్ చేయండి, ఈయన్ని పర్మనెంట్ చేసేద్దాం, బొమ్మలన్నీ ఈయన చూసుకుంటారు" అన్నాడు. బయటికొచ్చాక అతను మెట్ల దగ్గర నిలబడిపోయాడు. పర్మనెంట్ అనే మాట రెండుసార్లు తనలో తను అనుకున్నాడు. వాళ్ళ నాన్న పొలం అప్పటికే ప్లాట్లు వేసే వెంచర్ వాళ్ళకు పోయింది, చేతిలో ఉన్నది ఈ కాంట్రాక్టొక్కటే. "మా అమ్మకు చెప్పనా మేడం?" అని అడిగాడు. చెప్పు అన్నాను, నా సొమ్మేం పోయిందని.

శుక్రవారం టెస్టింగ్ గదిలో పెట్టారు, అక్కడి మానిటర్ పెద్దదని. ఆ గదిలో కంప్యూటర్లన్నిట్లో గడియారాలు ముందుకు జరిపి ఉంటాయి. మేం దిద్దిన ప్రోగ్రాములు రెండు వేల సంవత్సరంలో నడుస్తాయో లేదో అక్కడే చూస్తాం. ఆ గదిలో నేను ఎన్ని నెలలు కూర్చున్నానో! అయినా నా బుర్రకు తట్టలేదు.

డైరెక్టర్ తనే ఆడతానన్నాడు. పది నిమిషాలకే కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. కొంగను పోగొట్టుకుని అయ్యయ్యో అన్నాడు. గబ్బిలం కోసం ఉడుమును అడ్డం పెట్టి, వంతు వదులుకుని, దెబ్బ గాలికి పోగానే, "ఇది భలే ఉందండీ!" అని చప్పట్లు కొట్టాడు. వెనక నిలబడ్డ అతను నా వైపు చూసి పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. అంతలో డైరెక్టర్‌కు ఫోనొచ్చింది. ఆట దాచిపెట్టి వెళ్ళాడు. తిరిగొచ్చి తెరిస్తే ఆయన ఆట లేదు. మేం మా కంప్యూటర్లో దాచుకుని ఆటతో పాటు ఇక్కడికి తెచ్చిన ఐదు ఆటలు మాత్రం భద్రంగా ఉన్నాయి. మళ్ళీ కాసేపు ఆడి దాచాడు. మళ్ళీ లేదు.

బ్యాంకు పని చూసే మా టీం లీడర్ తెర మీద తేదీ చూశాడు. ఒక్క క్షణం ఆగి పెద్దగా నవ్వాడు. "సార్, వైటుకె! మన ఆటకే వైటుకె!" గదిలో ఉన్న ఏడెనిమిది మందీ నవ్వారు. రెండు వేల సంవత్సరం తేదీ సున్నా సున్నా అయింది, మా ప్రోగ్రాం దాన్నే అన్నిట్లోకీ పాతదనుకుంది, దాచీ దాచగానే చెరిపేసింది. లోకం తేదీలన్నీ దిద్దడానికి జీతం తీసుకుంటున్న మనిషిని, నా సొంత తేదీని రెండంకెలతో రాసుకున్నాను. నా మొహానికి ఇంజనీరింగొకటి.

డైరెక్టర్ నవ్వలేదు. "వచ్చే వారం బ్యాంకు వాళ్ళు వస్తున్నారండి. ఇది చూస్తే ఏమనుకుంటారు? ఎవరు రాశారండీ ఈ భాగం?"

బ్యాంకు పనిలో తేదీలన్నీ సరిచూసి సంతకం పెట్టేది నేనే. ఆ సంతకానికి ఇక విలువేముంటుంది?

"నేనే సార్" అన్నాడు అతను. "మేడం కాడ నేర్చుకుంట రాసిన. నాదే తప్పు."

అని నా వైపు చూశాడు.

నేను మానిటర్ వైపు చూశాను. మూడు తోకల ఉడుము గడిలో నిలబడి ఉంది. ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడు చెప్పాలి అనుకుంటున్నాను. అతనికేం కాదులే, నేర్చుకునేవాడని క్షమిస్తారులే అని కూడా అనుకుంటున్నాను. అంత నీచంగా ఆలోచిస్తూ కూడా మనిషి మామూలుగా ఊపిరి పీలుస్తుంది చూడండి, అదే ఆశ్చర్యం.

"నాదే సార్" అన్నాడు మళ్ళీ, కాస్త గట్టిగా. మళ్ళీ నా వైపే చూశాడు.

"సరేనండి, అర్థమైంది" అన్నాడు డైరెక్టర్. తర్వాత నాతో, "మీరు మంచి ఇంజనీరండి. ఇలాంటివాళ్ళతో టైం పాడు చేసుకోకండి" అన్నాడు. అందరూ లేచారు. ఎవరో లైటు తీసేశారు.

టీం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నెలాఖరుకు అతని కాంట్రాక్టు అయిపోయింది; మిగతా ఆపరేటర్లవన్నీ పొడిగించారు, అతనిది తప్ప. వెళ్ళే రోజు నా టేబుల్ దగ్గరికి రాలేదు. నేనూ ఆ హాలు వైపు వెళ్ళలేదు.

అతను మానేశాక మూడో ఆదివారం గోపన్‌పల్లి వెళ్ళాను. లింగంపల్లి దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. ఆటోవాడు రెట్టింపు అడిగితే నోరెత్తకుండా ఇచ్చాను. అతను అరుగు మీద కూర్చుని పెద్ద గ్రాఫ్ కాగితం మీద స్కేలుతో గీతలు గీస్తున్నాడు. వాళ్ళ నాన్న పొలం కొన్న వెంచర్ వాళ్ళే పని ఇచ్చారట. అదే పొలాన్ని ప్లాట్లుగా విడగొట్టి గళ్ళు గీస్తున్నాడు. వాళ్ళమ్మ నన్ను చూసి, "ఆఫీసు మేడమా? కూసో బిడ్డా" అని చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. పర్మనెంట్ మాట ఆమెకు చెప్పమన్నది నేనే.

దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "తప్పు నాదన్నా" అన్నాను.

"ఎరికే" అన్నాడు, తలెత్తకుండా. గీత పూర్తి చేశాడు.

"నువ్వు ముందే అడిగావు. నేనే కసిరాను. రేపు డైరెక్టర్ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేస్తాను. ఒట్టు." ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

వాళ్ళమ్మ రెండు కప్పులు తెచ్చి మా మధ్య పెట్టి, నా ఏడుపు చూసి ఏమనాలో తెలియక మళ్ళీ లోపలికి పోయింది. అతను స్కేలు కింద పెట్టాడు. అన్ని నెలల్లో అతని గొంతులో కోపం వినడం అదే మొదటిసారి.

"నేనెందుకు నాదన్ననో ఎరికేనా మేడం? మీ దెబ్బ నేను తినాల్నని గాదు. మీరు కాదు, నాదే అంటరని అన్న. ఓసారి అన్న, మీరనలే. ఇనబడలేదేమోనని మళ్ళ అన్న."

ఒక కప్పు నా వైపు జరిపాడు.

"ఇగ చాయ్ తాగుండ్రి. సల్లారిపోతది."

తాగాను. సోమవారం ఆఫీసుకు వెళ్ళాను. డైరెక్టర్ గది తలుపు సాయంత్రం దాకా తెరిచే ఉంది.