మస్తానయ్య వెతికిన తప్పు

నిన్న పొద్దున ఆత్మకూరు బస్టాండ్ దగ్గర టీ గ్లాసు చేతిలో ఉండగా ఫోన్ వచ్చింది. మస్తానయ్య పోయినాడు అన్నారు.

ఏ మస్తానయ్య అని అడిగాను.

మా వైపు వీధికో మస్తానయ్య ఉంటాడు. ఇంకెవరో అయ్యుంటారనుకున్నాను. కాదు. మా షాపు మస్తానయ్యే. తెల్లవారుజామున హార్ట్ ఎటాక్. హాస్పిటల్ దాకా కూడా పోలేదు.

టీ మొత్తం తాగే బయల్దేరాను. ఎందుకో నాకూ తెలియదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. పన్నెండేళ్ళు మేమిద్దరం కలిసి ఆత్మకూరులో కంప్యూటర్ షాపు నడిపాం. కస్టమర్లతో మాట్లాడేది నేను. వాడు పెద్దగా మాట్లాడడు. కోడ్ రాసేవాడు.

వాడు రాసిన వాటిలో పెద్దది ఒక లైబ్రరీ. సి లాంగ్వేజ్‌లో తెలుగు పేర్లను సరిగ్గా దాచి, సరిగ్గా చూపించే కోడ్ అది. ఎవరైనా తమ ప్రోగ్రామ్‌లో పెట్టుకుని వాడుకోవచ్చు. వాళ్ళ నాయన మాత్రం "లైబ్రరీ అంటావు, ఒక్క పుస్తకం కూడా లేదేందిరా" అనేవాడు.

అది ఎట్లా మొదలైందంటే, ఒకసారి మస్తానయ్య వాళ్ళ అవ్వను కంటి ఆస్పత్రికి తీసుకుపోయాడు. టోకెన్ స్క్రీన్ మీద పేరు సగంలో తెగి "వెంకటసుబ్" అని వచ్చింది. వీళ్ళ అవ్వ వెంకటసుబ్బమ్మ లేచింది. ఇంకో మూల నుంచి ఒక వెంకటసుబ్బయ్య లేచాడు. డాక్టర్ గది తలుపు దగ్గర ఇద్దరికీ రచ్చ రచ్చ.

షాపుకి వచ్చి ఆ రోజు మాత్రం చాలా మాట్లాడాడు. "ఇంగ్లీషు అక్షరానికి మెమరీలో ఒక బైటు చాలు. మనం స్త్రీ అని రాయాలంటే పద్దెనిమిది బైట్లు కావాలరా. వీళ్ళు బైట్లు లెక్కబెట్టి కోసేస్తా ఉండారు. మనిషి పేరును మధ్యలో నరికితే ఎట్టా?"

ఆ ఏడాదంతా అదే పని.

ఇంకో చిక్కు ఉంది. ఒకే పేరును ప్రోగ్రామ్‌లో నాలుగు చోట్ల వాడతాం. నాలుగు కాపీలు పెడితే మెమరీ దండగ. ఒక్కటే పెడితే, దాన్ని ఎప్పుడు తుడిచేయాలి? ఎంతమంది వాడుతున్నారో లెక్క పెట్టుకుని, ఎవరూ లేనప్పుడు తుడిచేయాలి. రిఫరెన్స్ కౌంటింగ్ అంటారు.

వాడికి ఇది చిన్నప్పటి నుంచీ తెలుసు. సీతారామపురం అవతల వాళ్ళ పల్లెలో నాలుగు కుటుంబాలకు ఒకే బోరు. నీళ్ళు పెట్టుకునేవాడు స్టార్టర్ డబ్బా మీద ఒక రాయి పెడతాడు. తన చేను తడిశాక తన రాయి తీసేస్తాడు. చివరి రాయి తీసినవాడు మోటారు ఆపాలి. నువ్వు రాయి పెట్టడం మరిచిపోతే, నీ చేను సగంలో ఉండగానే పక్కవాడు ఆపేసి పోతాడు. వాడిని తిట్టడానికి లేదు.

లైబ్రరీలో ఆ రెండు పనులకు ఆ పేర్లే పెట్టాడు. రాయిపెట్టు, రాయితియ్యి. నేను పడీ పడీ నవ్వాను.

"నవ్వుకోరా. మరిచిపోకుండా ఉంటావు గదా" అన్నాడు.

మూడేళ్ళ కింద ఉదయగిరిలో ఒక చిన్న క్లినిక్‌కి టోకెన్ స్క్రీన్ చేశాం. స్క్రీన్ కోడ్ నాది, లోపల లైబ్రరీ వాడిది. రెండో వారంలో ఒక పేరు రావలసిన చోట ఇంకో పేరు వచ్చింది. పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, తన పేరు రాక, సాయంత్రం దాకా అట్లాగే కూర్చుంది. ఆఖరి బస్సు పోయింది. డాక్టర్ మమ్మల్ని పిలిచి అందరి ముందూ అరిచాడు.

"ఎవరిదయ్యా తప్పు?"

"లైబ్రరీలో ఉంది సార్" అన్నాను. చూడకుండానే అన్నాను.

బయటికి వచ్చాక మస్తానయ్య ఒక్కటే అడిగాడు. "రాయి పెట్టినావా?"

"పెట్టినాను."

"అయితే నాదే తప్పు."

అంతే. వాడే లోపలికి పోయి డాక్టర్‌కి సారీ చెప్పాడు. ఆ పెద్దావిడను బండి మీద వాళ్ళ ఊళ్ళో దించి వచ్చాడు.

ఆ నెలలోనే లైబ్రరీని అందరికీ ఫ్రీగా నెట్‌లో పెట్టాలనుకున్నాడు. ఆపేశాడు. "తప్పు దొరికేదాకా ఎవురికీ ఇయ్యను. ఇంకొకరి అవ్వ ఎందుకు ఇబ్బంది పడాల?"

ఆరు వారాల తర్వాత వేరే పని మీద నా పాత కోడ్ తెరిచాను. ఒక చోట పేరు తీసుకుని దాచుకున్నాను. రాయి పెట్టలేదు. నేను ఇంకా వాడుతుండగానే లైబ్రరీ దాన్ని తుడిచేసి, ఆ జాగాలో ఇంకో పేరు పెట్టింది. దాని పని అది చేసింది.

ఆ ఒక్క లైను చేర్చి క్లినిక్‌లో మార్చేశాను. మళ్ళీ సమస్య రాలేదు.

"నువ్వేమన్నా మార్చినావా?" అని అడిగాడు.

"లేదే" అన్నాను.

దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకున్నాను. రోజూ పక్క కుర్చీలోనే కూర్చునేవాడు. రేపు చెప్దాం అనుకుంటూ మూడేళ్ళు గడిపాను. ఆలస్యమయ్యే కొద్దీ సిగ్గు పెరిగింది.

నిన్న వాళ్ళింట్లో రమణమ్మ, వాడి భార్య, లోపలి నుంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఈ మూడేళ్ళూ తన కోడ్‌లో వెతికిన చోట్లన్నీ రాసుకున్నాడు. ప్రతి పేజీ కింద ఒకే మాట. ఇక్కడ లేదు. మొన్న రాసిన చివరి పేజీలోనూ అదే.

"అన్నా, ఆదివారం గూడా ఇదే పని ఆయనకి. నీకన్నా తెలుసా, ఆ తప్పు యాడుండాదో?"

చుట్టూ జనం. మస్తానయ్య వాళ్ళ నాయన నావైపే చూస్తున్నాడు. తెలియదని తల ఊపాను.

ఈ పోస్ట్ అందుకే.

రమణమ్మా, ఆ తప్పు నాది. మీ ఆయన లైబ్రరీలో ఏ రోజూ లేదు. రేపు ఉదయగిరి పోయి ఆ డాక్టర్‌కి కూడా చెప్తాను. నువ్వు సరేనంటే వాడి పేరుతోనే ఆ లైబ్రరీని నెట్‌లో పెడదాం. తిట్టేవాళ్ళు కామెంట్లలో తిట్టండి. డిలీట్ చేయను.

మస్తానూ, నేను రాయి పెట్టలేదురా.

ఇంక ఎతకొద్దు. ప్రశాంతంగా పడుకో.