వదిన అడిగింది అద్దం కాదు

దేశం మొత్తంలో జాతీయ సభకి నెగ్గిన మొదటి ఆడమనిషి మా వదిన. అంతకుముందు బట్టలమిల్లులో మగ్గం నడిపేది. నేను ఆవిడ ఆడపడుచుని, టైపిస్టుని. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు కదా, ఆ సగం పెత్తనం నేనెలా వెలగబెట్టానో చెబుతాను.

సభలో ఎవరేం మాట్లాడినా సాయంత్రానికి టైపు కాగితాలు చేతికొచ్చేవి. మాట తడబడిన చోట సభ్యులు దిద్దుకోవచ్చు. మర్నాటికల్లా తిరిగిచ్చేస్తే అదే అచ్చయి రికార్డులో నిలిచిపోతుంది. వదిన చదువు అంతంతమాత్రం. "నువ్వు చూశావుగా, చాల్లే" అని నా మీదే వదిలేసేది.

మొదటి ప్రసంగంలోనే ఆవిడ కుండబద్దలు కొట్టింది. "ఈ భవనంలో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదు. అందుకే పొద్దుట్నుంచి చుక్క నీళ్ళు ముట్టలేదు నేను."

మగాళ్ళంతా ఘొల్లున నవ్వారు. పైన సందర్శకుల వరసలో నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం ఆ రెండు వాక్యాలూ కొట్టేసి, "మహిళా సభ్యులకు తగిన వసతులు లేవు" అని రాశాను. ఎంత హుందాగా ఉందో అని మురిసిపోయాను కూడా. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

అధికారులు అది చదివి వసతులు సమకూర్చారు. ఒక నిలువుటద్దం, పూల కర్టెను, మెత్తటి కుర్చీ.

మరుసటి ఏడు వదిన మళ్ళీ లేచి అడిగితే, సభాధ్యక్షుడు రికార్డు తెప్పించి చదివి, "మీరడిగినవి ఇచ్చేశాం కదమ్మా" అన్నాడు.

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా నా ముందు నిలబడింది.

"నీకంత సిగ్గేసిందా?"

"నీ పరువు పోతుందని, వదినా..."

"పరువు నాది కదే. నన్నడగొద్దూ?"

అంతే, మళ్ళీ నాతో ఆ మాట ఎత్తలేదు. కాగితాలు మాత్రం నాకివ్వడం మానేసింది. కళ్ళజోడు పెట్టుకుని, కూడబలుక్కుంటూ తనే చదువుకునేది. నన్ను తిట్టినా బావుండేది.

మరుగుదొడ్డి కట్టడానికి పదకొండేళ్ళు పట్టింది. అన్నాళ్ళూ సభ ఉన్న రోజున ఆవిడ నీళ్ళు తాగలేదు. కిడ్నీలు పాడయ్యాయి. అన్నేళ్ళు నోరు ఎండగట్టుకోవడం కూడా ఒక కారణమేనన్నాడు డాక్టరు. ఆ వాక్యం దిద్దిన చెయ్యి విరిగిపోయినా బావుండేదని ఈ రోజుకీ ఏడుస్తాను.

ఒంట్లో నీరు నిలిచిపోతోందని, రోజుకి రెండు గ్లాసుల నీళ్ళు మించకూడదన్నారు. కొలిచి పోసే పని నాది. చివరి రోజు మధ్యాహ్నం నా కొంగు పట్టుకుని, "ఇంకొక్క గుక్క పొయ్యవే" అంది.

"ఈ పూటకి అయిపోయాయి వదినా" అన్నాను.

పొయ్యలేదు.