కమాను పట్టీ చాకు

నా చిన్నప్పుడు మా ఊరి గొర్రెల కాపరులందరూ ఒక చాకు కోసం ఎదురుచూశారు. కదిరికి అవతల, రాళ్ళూ ముళ్ళూ ఎక్కువగా ఉన్న పల్లె మాది. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. నేల మీద గడ్డి పరక కూడా లేదు. కాపరులు తుమ్మచెట్లు ఎక్కి కొమ్మలు కొట్టి కింద పడేస్తే, జీవాలు ఆ ఆకు తిని బతికేవి. కొడవలి నడుముకు దోపుకుని చెట్టెక్కితే ఎప్పుడు ఒంటికి తగులుతుందో తెలియదు. సంతలో దొరికే మడత చాకులకేమో గట్టి కొమ్మ తగలగానే కీలు వదులైపోయి, అలుగు వచ్చి వేళ్ళ మీదే మూసుకునేది.

అందుకని మా పక్కింటి కొలిమి తాత కొత్త రకం చాకు చేసిస్తానని వాళ్ళకు మాటిచ్చాడు. పాత లారీ కమాను పట్టీని కాల్చి, సాగగొట్టి చేసే మడత చాకు. కొమ్మ నరికేంత బరువుండాలి, మడిస్తే మొలలో ఇమిడిపోవాలి. అలాంటిది మా పక్క ఎవరూ చూసి ఎరగరు. ఆయన మాకు చుట్టం కాదు, ఊళ్ళో కమ్మరి పని చేసేవాడు. రెండిళ్ళకూ నడుమ ఒక్కటే గోడ కాబట్టి నాకు ఆయన తాత, ఆయన భార్య అవ్వ.

ఆ ఏడే మా అమ్మ పోయింది. జ్వరమని పడుకుని మళ్ళీ లేవలేదు. దినాలు కాగానే మా నాయన జీవాలను తోలుకుని మేత ఉన్న చోటు వెతుక్కుంటూ పోవలసి వచ్చింది. పోకపోతే అవి కూడా దక్కేవి కావు. నన్ను కొలిమి తాత ఇంట్లో విడిచి వెళ్ళాడు.

నేను ఏడవలేదు. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా తిమ్మిరెక్కినట్టు ఉండేది. అవ్వ సంగటి ముద్ద ముందు పెడితే అది చల్లారి గట్టిపడేదాకా చూస్తూ కూర్చునేదాన్ని. ఎవరైనా పలకరిస్తే వాళ్ళ పెదాలు కదలడం కనబడేది, అంతే. మాట్లాడడం మానేశాను. పంతం పట్టి మానలేదు, మాట్లాడవలసింది ఏదీ ఉన్నట్టు తోచలేదు. ఒక రాత్రి, తల్లి వెనకే ఈ పిల్లా పోతుందేమోనని అవ్వ తాతతో అంటుంటే విన్నాను. విన్నా నాకేమీ అనిపించలేదు.

మరునాడు పొద్దున ఒక కాపరి కొలిమి దగ్గరికి వచ్చి చాకు సంగతి అడిగాడు. తాత తల కూడా ఎత్తలేదు.

"నన్నడుగుతావేమప్పా? చాకు సంగతి పాపకు తెలుసు. పాపనడుగు."

నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను. నాకేమీ తెలియదు. కాపరి నా వైపు తిరిగి అడిగాడు. తల అడ్డంగా ఊపాను. సరేనని వెళ్ళిపోయాడు. మర్నాడు ఇంకొకతను వచ్చాడు. అతనికీ తాత అదే మాట చెప్పాడు. కొత్త ఇనుప సామానుతో మొదట నిమ్మకాయ కోయడం మా పక్క వాడుక. ఆ నిమ్మకాయ పాప చేత్తో కోయిస్తానని, కాబట్టి కబురు కూడా పాపే చెప్పాలని అన్నాడు. తల్లి పోయిన పిల్ల చేత్తోనా అని ఎవరో గొణిగితే, అట్లయితే నీకు చాకు వద్దులే అన్నాడు తాత.

అడిగేవాళ్ళు ఉన్నప్పుడు తెలుసుకోక తప్పదు కదా. తాత రోజూ పొద్దున్నే నాకు ఒక ముక్క చెప్పేవాడు. అలుగు సాగింది. కీలు ఇంకా బిర్రుగా ఉంది. అమావాస్య, ఈ రోజు ఇనుము ముట్టకూడదు. ఒకరోజు ఒకతను గోడ అవతలి నుంచే కేకేసి అడిగాడు. తల ఊపితే అతనికి కనబడదు.

"ఇంగా కాలేదన్నా" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. లోపల అవ్వ తోముతున్న గిన్నె చప్పుడు ఆగిపోయింది. ఆ మధ్యాహ్నం సంగటి చల్లారకముందే సగం తిన్నాను. ఆకలి అని కాదు, అడిగేవాళ్ళు సాయంత్రం కూడా వస్తారు కదా అని.

అలా కొన్నాళ్ళు గడిచాక, అవ్వ ఆముదం బుడ్డి తెమ్మంటే గూట్లో చేయి పెట్టాను. నూనెగుడ్డలో చుట్టిన బరువైన వస్తువు తగిలింది. విప్పి చూస్తే చాకు. తెరిచాను, మూశాను. కీలు బిర్రుగానూ లేదు, వదులుగానూ లేదు. గుడ్డ మీద దుమ్ము పేరుకుని ఉంది. అది ఎప్పుడో తయారైపోయిందని, తాత నాకోసమే అబద్ధం ఆడుతున్నాడని అర్థమైంది. కోపం రాలేదు. ఎలా ఉన్నదాన్ని అలాగే చుట్టి పెట్టేశాను. ఆ సాయంత్రం కాపరులు అడిగితే, పిడి చీలిందని, మార్చాలని నేనే కల్పించి చెప్పాను. తాత నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ తిత్తి ఊదుకున్నాడు. చాకు అయిపోతే రేపటి నుంచి నన్నెవరూ ఏమీ అడగరు. నా భయమంతా అదే.

తర్వాత ఒక పొద్దున ఒక కాపరి కుంటుకుంటూ వచ్చాడు. చెట్టు మీంచి జారినప్పుడు కొడవలి తొడలో దిగిందట. కట్టిన తువ్వాలుకు నెత్తురు అంటి ఉంది. అరుగు పట్టుకుని నిలబడి, రోజూలాగే అడిగాడు.

"ఏం పాపా, అయినాదా?"

ఆ తువ్వాలు చూస్తుంటే ఆ కొడవలి నాకే దిగినట్టు నొప్పి లేచింది. అమ్మ పోయాక నాకు ఏదైనా నొప్పి అనిపించడం అదే మొదలు.

"అయినాది, ఉండన్నా" అని లోపలికి పోయి గూట్లోంచి చాకు తెచ్చి తాత చేతిలో పెట్టాను.

నీకెట్లా తెలుసని తాత అడగలేదు. నిమ్మకాయ తెమ్మని అవ్వకు చెప్పాడు. నా చేతి మీద తన చేయి వేసి కోయించాడు. నిమ్మకాయ రెండు ముక్కలు కాగానే నాకు ఏడుపొచ్చింది. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. అవ్వ వద్దనలేదు, ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. కాపరి చాకు తీసుకుని పోయాక తాత కొలిమిలో మళ్ళీ బొగ్గులు వేశాడు.

"మీ నాయనకు ఒకటి చేయాల గదా పాపా. అది యాడిదాకా వచ్చినాదో రేపట్నుంచి నువ్వే సూసుకో."

ఇప్పుడు నేను అవ్వనయ్యాను. పోయిన ఏడు నా కొడుకు పోయాడు. మళ్ళీ ఆ తిమ్మిరే. వాడి కొడుకు, నా మనవడు, బెంగుళూరులో ఉద్యోగం మానేసి వచ్చి గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఎవరితోనూ మాటల్లేవు. ఒకరోజు వాడి ఫోనులో ఒక చాకు బొమ్మ చూశాను. బాగా గట్టిదట, మడతదట, ఇంకా అమ్మకానికి రాలేదట. దాంతో ఏం చేస్తావురా అని కోడలు విసుక్కుంది. వాడు ఫోను దిండు కింద పెట్టేసి గోడవైపు తిరిగాడు. ఏం చేస్తాడో వాడికీ తెలియదనుకుంటాను.

నేను మాత్రం రోజూ పొద్దున్నే అడుగుతాను, వచ్చినాదా అప్పా ఆ చాకు అని. మొదట్లో తల ఊపేవాడు. తర్వాత ఇంకా లేదనేవాడు. ఈ మధ్య తేదీ వెనక్కి జరిపారని, దాని కీలుకు తాళం లాంటిది ఉంటుందని, అదీ ఇదీ చెబుతున్నాడు. నాకు సగం అర్థం కాదు. నిజం చెప్పాలంటే నాలో కూడా ఏమీ కదలడం లేదు. నా కొడుకు కోసం నేనింకా ఏడవలేదు. మనసు బాగున్నా లేకున్నా ఎదుటి మనిషిని ఒక మాట అడగాలన్నది ఒక్కటే కొలిమి దగ్గర నేర్చుకున్నాను, దాన్ని వదల్లేదు.

నిన్న నాకు ఒంట్లో బాగాలేక లేవలేదు, అడగలేదు. ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. వాడే వచ్చి నా మంచం పక్కన నిలబడ్డాడు.

"ఇంగా రాలేదవ్వా" అన్నాడు.

కాళ్ళు ముడుచుకుని వాడికి చోటిచ్చాను.