బాపు హాల్లో లేచి అరిచిన సినిమా

చటుక్కున ఛానల్ మార్చేశాను గానీ, మా వదినె ఊరుకుంటుందా, నా చేతిలోంచి రిమోట్ గుంజుకుంది. "పెట్టే, పెట్టు! మీ బాపు సినిమా అచ్చింది!" అని ఒకటే నవ్వు. బాపు అంటే మా నాన్న, వదినె అంటే మా ఆయన అక్క. కరీంనగర్‌లో మా పక్క వాటాలోనే ఉంటుంది, టీవీకి మాత్రం మా ఇంటికే వస్తుంది. ఆ నవ్వులో చెడ్డతనం లేదు. అయినా నేను పొయ్యి మీద పాలున్నాయని చెప్పి వంటింట్లోకి పోయాను. పాలు లేవు, ఏమీ లేవు. అది బొగ్గుబావి సినిమా. పైకప్పు కూలే సీన్ రాబోతోంది. నేను దాన్ని ఇప్పటికీ చూడలేను. భయంతో కాదు, సిగ్గుతో.

నా చదువు పదో తరగతితోనే ఆగింది. జాకెట్లు కుట్టడం తప్ప వేరే పని రాదు. కానీ ఏడుపు సినిమాల గురించి మాట్లాడమంటే మాత్రం మిషన్ ఆపేసి మరీ మాట్లాడతాను. నా లెక్కలో, ఇంటికొచ్చాక కూడా అన్నం సహించకుండా చేసిందే మంచి సినిమా. పెద్ద జబ్బు వచ్చిన హీరోయిన్ రోజురోజుకీ తెల్లబడుతుంది చూడండి, కాటుక చెదరకుండా చచ్చిపోతుంది, అలాంటివాటికి నేను కన్నీళ్లు ఖర్చు పెట్టను. అప్పగింతల్లో తండ్రి గంజి పెట్టిన పంచె కట్టుకుని స్తంభం పట్టుకుని ఏడుస్తాడు కదా, అదీ నమ్మను. మా వైపు పెళ్లిళ్లలో ఆ టైముకి తండ్రి వంటోళ్లతో తగువులాడుతుంటాడు, కుర్చీలు లెక్కపెట్టిస్తుంటాడు, ఏడవడానికి తీరికేది? కోర్టు సినిమాల్లో హీరో అంతసేపు మాట్లాడుతుంటే జడ్జిగారు బుద్ధిగా వింటాడు, దానికైతే నాకు నవ్వొస్తుంది. ఏ గొడవా లేకుండా, ఒక ముసలామె కొడుకు చొక్కాకి గుండీ కుట్టి మడత పెట్టే సీన్ ఉంటే చాలు, నా పని అయిపోయినట్టే.

మా బాపుది వేరే దారి. బొగ్గుబావిలో పైకప్పు కూలకుండా చెక్క దిమ్మెలు నిలబెట్టే పని చేసి రిటైరయ్యాడు. ఇంట్లో ఎప్పుడూ కంటతడి పెట్టనివాడు హాల్లో మాత్రం టైటిళ్లప్పుడే తువ్వాల తీసేవాడు. నేను నమ్మనివాటన్నిటికీ ఆయన ఏడ్చేవాడు. "అబద్ధం బాపూ అది" అంటే, "ఎరుకే బిడ్డా. ఇంటికాడ ఏడిస్తె మీ అవ్వ పరేషానయితది. గీడ ఎవలు సూస్తరు?" అనేవాడు. పెళ్లయ్యాక బాపుతో ఈ సినిమాల తిరుగుడు ఉండదేమోనని నాకు లోపల బెంగగానే ఉండేది.

సంబంధం ఖాయమయ్యాక మమ్మల్ని కరీంనగర్‌కి మ్యాట్నీకి పిలిచారు. కాబోయే మా ఆయన, వదినె, నేను, నా పక్కన బాపు. బొగ్గుబావి సినిమా కదా, మీ బాపుకి నచ్చుతుందని ఆయనే దాన్ని ఎంచుకున్నాడు. మొదటి సగమంతా నేను వదినె చెవిలో తప్పులు చెప్తూనే ఉన్నాను. హీరో బావిలోంచి తెల్ల చొక్కాతో పైకొస్తాడు, మసి కూడా అందంగా బుగ్గమీదే అంటుతుంది. వదినె పకపకా నవ్వుతోంది. నన్ను మెచ్చుకుంటోందని నాకు ఒకటే సంబరం.

ఇంటర్వెల్ తర్వాత తెర మీద చీకటి. చెక్క కిర్రుమంది.

అంతే, బాపు కుర్చీలోంచి లేచాడు. "ఉరుకుండ్రి! కప్పు దిగుతుంది, ఉరుకుండ్రి!" అని హాలంతా మార్మోగేలా అరిచి, నా రెక్క పట్టుకుని గట్టిగా లాగాడు. నా ఒళ్లోని పాప్‌కార్న్ మొత్తం వదినె చీర మీద పడింది. హాలంతా గొల్లున నవ్వింది. "ఓ పెద్దాయనా, టికెట్ పైసలు వాపస్ ఇయ్యరు, కూసో!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నేను చెయ్యి విదిలించుకున్నాను. "కూసో బాపూ, ఇజ్జత్ పోతుంది" అని పళ్లు కొరుకుతూ అన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. వదినె వైపు తిరిగి నవ్వుతూ, "ఏమనుకోకు వదినె, మా బాపుకు జర తిక్క" అన్నాను. బాపు విన్నాడు. చేతులు కట్టుకుని కూర్చున్నాడు. చివర్లో హీరో చచ్చిపోతే హాలంతా ముక్కులు చీదింది. బాపు తువ్వాల తియ్యలేదు.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, "ఇగ సినిమాలకు నీ పెనిమిటితోని పో బిడ్డా. నేనెందుకు మీ నడుమ" అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది, మామూలుగానే అన్నాడు. నేను, "గట్లెందుకు అరిచినవ్?" అని అడిగాను.

"బొమ్మంత అబద్ధమే. గా సప్పుడొక్కటే నిజం. దిమ్మె పలిగే ముందు గట్లనే అంటది. గది ఇన్నంక కూసున్నోడు మిగలడు."

"సినిమా అని యాదికి లేదా బాపూ?"

"లేదు. పక్కకు నువ్వున్నవని యాదికుండె."

ఆ తర్వాత ఊరొచ్చేదాకా నేను ఆయన మొహం వైపు చూడలేకపోయాను. ఏ సినిమాలో ఏ తండ్రి ఏడుపు అబద్ధమో ఊరంతా చెప్పేదాన్ని, పక్క కుర్చీలో నా రెక్క పట్టుకున్న చెయ్యిని గుర్తుపట్టలేకపోయాను.

మరునాడు పొద్దున బాపు వాకిట్లో అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటున్నాడు. నేను ఆయన పక్కనే నిలబడి వదినెకు ఫోన్ చేశాను. "వదినె, నిన్న నేనన్నది అబద్ధం. మా బాపుకు తిక్క లేదు. నన్ను బయటకు గుంజుతుండె" అన్నాను. "నేను సుత నవ్విన గదనే" అంది వదినె చిన్నగా. ఫోన్ పెట్టేసి, "బాపూ, మన ఊర్ల సుత గదే ఆడుతుంది. మార్నింగ్ షోకు పోదాం నడువు" అన్నాను.

ఆయన అద్దంలోంచే నన్ను చూశాడు. "మళ్ల అరుస్తనేమో."

"అరువు. నేను నీకంటె ముందుగాల లేస్త."

"ఆగు మరి, గీ సగం గడ్డమన్న గీసుకోనీ" అన్నాడు.

ఆగాను. అప్పట్నుంచి ఏళ్లు ఎలా పోయాయో తెలియదు గానీ, బాపు ఆ సగం గడ్డం గీసుకునేంతసేపు వాకిట్లో నిలబడ్డ ఆ కాసేపు మాత్రం నాకు ఇంకా అయిపోలేదు.