జనం పాడే చోటు

ఆ బ్యాండు పేరేమిటో మాకు చాలా ఏళ్ళు తెలియదు. క్యాసెట్టు మీద అంటించిన కాగితం మా దగ్గరికి వచ్చేసరికే నాని ఊడిపోయింది. కొండల్లో మొక్కల మీద చదువుకోవడానికి వచ్చిన ఒక తెల్లబ్బాయికి మలేరియా పట్టుకుంటే, హుకుంపేట దగ్గర మా ఊరి నర్సు సూదులూ మాత్రలూ ఇచ్చి లేపి కూర్చోబెట్టింది. వెళ్తూ వెళ్తూ అతను తన సంచిలోని క్యాసెట్టు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "బిస్కెట్టు పొట్లమిత్తాడనుకున్నాను, పాటలిచ్చి పోనాడు" అని నవ్వేది నర్సు.

నేను అప్పట్లో అక్కడి ఆశ్రమ పాఠశాలలో సైన్సు టీచర్ని. తొంభైల మొదట్లో విజయనగరం వైపు నుంచి పోస్టింగు మీద ఘాటెక్కాను. మనిషిని పీల్చి పిప్పి చేసే ఉద్యోగం అది. పొద్దున్నే పిల్లల తలల్లో పేలు చూడాలి, గజ్జికి మందు రాయాలి, పాఠాలు చెప్పాలి, బియ్యం లారీ రాకపోతే ఆఫీసుల చుట్టూ తిరగాలి. నర్సు పని ఇంకా ఘోరం. ఆవిడ ఆ కొండల మనిషే, కన్నతల్లి ఊరు పక్క కొండ మీదే. అయితే మాత్రం, కాళ్ళు కాళ్ళే కదా! కాన్పు కబురొస్తే నడుం లోతు గెడ్డలు దాటి వెళ్ళాలి. సంత రోజు మధ్యాహ్నం మాత్రం ఇద్దరికీ కాస్త ఊపిరాడేది. ఆవిడ క్వార్టర్సులో చాప మీద కూలబడి టేపురికార్డరు పెట్టుకునేవాళ్ళం. కరెంటు ఉంటే మా అదృష్టం. లేకపోతే ఎండలో పెట్టి మళ్ళీ ప్రాణం పోసిన బ్యాటరీలు ఉండనే ఉండేవి.

అది స్టూడియోలో తీరిగ్గా పాడింది కాదు. ఎక్కడో మైదానంలో వేల మంది ఎదుట పాడింది పాడినట్టు పట్టుకున్నది. మొదటిసారి విన్నప్పుడు నాకు తలనొప్పి వచ్చింది. ఆ గిటార్లు రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడ్డట్టున్నాయి.

"ఓలమ్మో! ఇవేం పాటలే? ఎవరో కొట్టుకు చస్తున్నట్టుంది" అన్నాను.

"ఉండప్పా, ఆడాగుతాడు సూడు" అంది నర్సు.

రెండో వైపు చివరి పాటలో వస్తుంది ఆ చోటు. గొంతు చించుకుని పాడుతున్న పాటగాడు ఉన్నట్టుండి ఆగిపోతాడు. గిటార్లూ ఆగిపోతాయి. డ్రమ్ము ఒక్కటే నింపాదిగా మోగుతూ ఉంటుంది. అప్పుడు జనం అందుకుంటారు. ఆడా మగా, శ్రుతి ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ, అందరూ కలిసి పాడతారు. ఆ మాటల అర్థం ఏమిటో నాకూ తెలియదు, ఆవిడకీ తెలియదు.

"సైత్రంలో మా ఇటుకల పండగ పాటల్లోనూ ఇంతే" అంది నర్సు. "ముందు పాడే మనిసికి గొంతు పోతే ఎనకున్నోళ్ళు అందుకుంతారు. అది కూకోని నీళ్ళు తాగుతాది. దాన్నెవులూ ఏటీ అనరు."

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. మేమిద్దరం అలిసిపోయి ఆగితే అందుకునేదెవరు? నేను సెలవు పెడితే పిల్లలకి అన్నం ఎవరు వండించాలి? అలాంటి చింతలన్నీ ఆ నిమిషమున్నర మాత్రం పోయేవి. మేమూ ఆ జనంలో కలిసిపోయి నోటికి తోచిన మాటలు అతికించుకుని అరిచేవాళ్ళం. సంత నుంచి వెళ్ళేవాళ్ళు గుమ్మంలో ఆగి, "టీచరమ్మకి ఏటయిపోనాది?" అని నర్సుని అడిగేవారు. నాకు సిగ్గు వేసేది కాదు.

కొన్నేళ్ళ తర్వాత నన్ను కింద ఊళ్ళకి బదిలీ చేశారు. ఆ మరుసటేడే నర్సుకి టీబీ అని తెలిసింది. మందులకి తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. రెండోసారి రోజూ సూది వేయించుకోవాలన్నారు. సెలవు పెట్టి తల్లి ఇంటికి చేరింది. నేను చూడ్డానికి వెళ్ళేసరికి ఎముకల గూడులా ఉంది. అంతకంటే నన్ను భయపెట్టింది ఇంకోటి. నేను ఒక మాట రెండుసార్లు అంటే గానీ ఆవిడకి వినపడడం లేదు.

"సూదికి సెవులు పోతాయప్పా, కొందరికి" అంది, ఎవరి సంగతో చెబుతున్నట్టు. "సెవుల్లో కీచురాళ్ళు మొదలయినాయి. డాక్టరుకి సెప్పాను. మానేత్తే పానం పోద్ది, మానకపోతే ఇవి పోతాయి. ఎంతమందికి పొడిసాను నేను, నాకు తెలీదేటి?"

 మళ్ళీ ఆవిడే అంది. "పూర్తిగా పోకముందు ఆ జనాన్ని ఒక్కసారి ఇనాలనుంది. ఇంకేటీ ఒద్దు."

అదెంత పని అనుకుని క్యాసెట్టు ఏదని అడిగాను. వాళ్ళమ్మ లేచి పొయ్యి మీది అటక వైపు చెయ్యి చూపించింది. ఆ కొండల్లో మరుసటేడుకి ఉంచుకోవాల్సిన విత్తనాన్ని పొయ్యి పైనే దాస్తారు. పొగకి పురుగు పట్టదు, చెమ్మ చేరదు. వానాకాలంలో క్యాసెట్టుకి తెల్లగా బూజు పడుతోందని కూతురు బాధపడుతుంటే విని, ఆ ముసలామె దాన్ని మొక్కజొన్న కంకుల గుత్తుల మధ్య భద్రంగా కట్టింది. కిందికి దించి చూద్దును కదా, పాడి ఆవు కొమ్ములా వంకర తిరిగిపోయి ఉంది.

నా నోరు మంచిది కాదు. "పొయ్యి మీద పెడతారా ఎవరైనా?" అని ముసలామె మీద ఇంతెత్తున లేచాను.

"ఇత్తనాలన్నీ ఆడే కదమ్మా ఎడతాం" అంది ఆవిడ బిక్కమొహం వేసి. "పోకూడదనే ఎట్టాను."

"మాయమ్మనేటీ అనకప్పా" అంది నర్సు. ఆ మాట మాత్రం ఎలా వినపడిందో మరి.

అక్కణ్ణించి విశాఖపట్నం వెళ్ళాను. పేరు తెలియని బ్యాండు, మాటలు తెలియని పాట. కనపడిన క్యాసెట్ల కొట్టల్లా ఎక్కి కౌంటరు ముందు నిలబడి కూనిరాగం తీశాను. జుట్టు నెరుస్తున్న పంతులమ్మ గిటారు చప్పుడు నోటితో చేస్తుంటే ఎవరు నవ్వరు? ఆఖరికి ఒక ముసలాయన కళ్ళు మూసుకుని విని లోపలికి వెళ్ళి ఒక సీడీ తెచ్చి పెట్టాడు. అదే పాట. కానీ శుభ్రంగా, కడిగిన గిన్నెలా ఉంది. ఎవరూ ఆగలేదు, ఎవరూ అందుకోలేదు.

"ఇది కాదండీ, జనం ఉన్నది" అన్నాను.

ఆయన నా మొహం చూసి ఏమనుకున్నాడో, మద్రాసు నుంచి తెప్పిస్తానన్నాడు. వస్తుంది, రేపొస్తుంది అంటూనే వానలు వెళ్ళిపోయాయి. వలిసె పూలు పూసి రాలాయి. సీడీ చేతికొచ్చి, దానికో చిన్న ప్లేయరూ కొనుక్కుని నేను కొండెక్కేసరికి తోటల్లో కాఫీ పళ్ళు కోస్తున్నారు.

నర్సు అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్ళు చేసింది, దగ్గు లేదు. "ఏమే, బాగున్నావా?" అని వెనక నుంచి పిలిచాను. తిరగలేదు. ఎదురుగా వచ్చి నిలబడ్డాక చూసి, ఎగిరి నన్ను పట్టుకుంది. నా పెదాల వంకే చూస్తోంది. అప్పుడు అర్థమైంది నాకు. సంచి అరుగు మీద పడేసి గుంటపిల్లలా భోరున ఏడ్చాను.

"ఏడుత్తావేటి, బతికాను కదా!" అంది, పక్క వీధికి వినపడేంత గట్టిగా. సంచిలోంచి ప్లేయరు తనే తీసింది. "ఎట్టు. ఇంత దూరం మోసుకొచ్చి ఊరుకుంతావేటి? ఆడాగినప్పుడు నా మోకాలు తట్టు."

పెట్టాను. పాట మొదలైంది. ఆవిడ నా చేతి వంకే చూస్తూ కూర్చుంది. ఆ చోటు రాగానే పాటగాడు ఆగాడు, డ్రమ్ము మిగిలింది. మోకాలు తట్టాను. ఆవిడ కళ్ళు మూసుకుని అందుకుంది. తన గొంతు తనకే తెలియక అది ఎక్కడికో ఎగిరింది, ఎక్కడో దిగింది. లోపలి నుంచి వాళ్ళమ్మ వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడి నన్ను చూసింది. సీడీలో జనం పాడడం అయిపోయింది. పాటగాడు మళ్ళీ అందుకుని ముగించాడు. చప్పట్లు కూడా ఆగిపోయాయి. ఆవిడ ఇంకా పాడుతూనే ఉంది. అయిపోయిందని చెప్పాలంటే మళ్ళీ మోకాలు తట్టాలి. నాకు చెయ్యి రాలేదు.