ఆ సోడా చుక్క పైడిరాజుది

బట్టల మీద డిజిటల్ ప్రింటింగ్ చేసే మా యూనిట్లో, చేనేత తాను ఏది దిగినా ముందుగా దాని రెండు కొనల మీదా మడతల మీదా బట్టలసోడా కలిపిన నీటిని చుక్క చుక్క వేసి చూస్తారు. ఆ పరీక్షకు అక్కడ ‘రామ్మూర్తి చుక్క’ అని పేరు. రామ్మూర్తిని నేనే. ఆ చుక్క మాత్రం నాది కాదు. దాన్ని కనిపెట్టినవాడు పైడిరాజు. అది కనిపెట్టాల్సిన అవసరం తెచ్చిపెట్టినవాణ్ణి నేను. ఈ రెండో సంగతి ఉద్యోగంలో ఉన్నంతకాలం ఎవరికీ చెప్పలేదు.

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, వేసవి మొదట్లో, కొత్తవలస దగ్గరున్న ఆ యూనిట్లో ప్రింటింగ్ ఇన్‌చార్జ్‌గా చేరాను. అంతకుముందు సూరత్‌లో చాలాకాలం పనిచేశాను. ఇక్కడ యజమాని కింద ఇద్దరు ఇన్‌చార్జులం ఉండేవాళ్లం. బట్టను ఎంచడం, కొనడం, పరీక్షించడం పైడిరాజు పని. ఆ బట్టకు మందు పట్టించడం దగ్గర్నుంచి ప్రింటు, ఆవిరి, ఉతుకు దాకా నా పని. హోదాలో ఇద్దరమూ సమానం. పైడిరాజు విజయనగరంలో ఒక జూట్ మిల్లు లేబొరేటరీలో పనిచేసి, మిల్లు మూతపడ్డాక ఇటు వచ్చాడు. తనకు తెలిసిన ప్రతిదీ పక్కవాళ్లకు కూడా తెలిసి తీరాలనుకునే మనిషి. గొంతు పెద్దది. ఏ చుట్టరికమూ లేకపోయినా మొదటిరోజు టీ తాగేలోపే నన్ను బావను చేసేశాడు.

ఈ వృత్తి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. కంప్యూటర్లో బొమ్మ ఉంటే ఏ గుడ్డ మీదైనా కొట్టేయొచ్చని చాలామంది అనుకుంటారు. నిజానికి ఒక్కో రకం పోగుకు ఒక్కో రకం రంగు. పాలిస్టరుకు పట్టే రంగు నూలుబట్ట మీద నిలవదు. నూలుకు పట్టే రంగు పాలిస్టరు మీద కడిగితే పోతుంది. పాలిస్టరైతే పని సులువు. కాగితం మీద ప్రింటు తీసి వేడి రోలరు కింద పెడితే రంగు బట్టలోకి దిగుతుంది. నూలుబట్టకు పని ఎక్కువ. ముందు దాని గంజి పూర్తిగా పోవాలి. తర్వాత సోడా, యూరియా, ఒక రకం జిగురు కలిపిన మందులో ముంచి పిండి ఆరబెట్టాలి. ఆ మందులోని సోడాయే రంగును నూలుకు అతికిస్తుంది. ఆపైన ప్రింటు, ఆవిరి, ఉతుకు. ఎక్కడ తేడా వచ్చినా తాను మొత్తం పోయినట్టే.

నేను చేరిన కొద్దిరోజులకే శ్రీకాకుళం వైపు నుంచి ఒక పాత బాప్టిస్టు చర్చి వాళ్ల పని వచ్చింది. గాయక బృందంలోని ఆడవాళ్లందరికీ ఒకే రకం చీరలు కావాలి. తెల్లటి నేల, అంచుల్లో వరికంకులు, కంకుల మధ్య పిచ్చుకలు. బొమ్మ వేసింది బృందానికి పెద్దదిక్కు ఎస్తేరు టీచరు గారు. మే నెలలో చర్చి వార్షికోత్సవం. ఆ ఆరాధనలో ఆ చీరలు కట్టుకుని పాడాలి. యూనిట్‌కు స్థానికంగా వచ్చిన మొదటి పెద్ద పని అది.

యజమాని పాలిస్టరు జార్జెట్ అన్నారు. నేనూ అదే అన్నాను. రంగులు మెరుస్తాయి, పని త్వరగా తెములుతుంది, సూరత్‌లో నా చెయ్యి తిరిగిన పని కూడా అదే. పైడిరాజు ఒప్పుకోలేదు. టీచరు గారినే నేరుగా అడిగాడు.

“అమ్మా, మీ పాట ఎంతసేపు ఉంటాది?”

“పాట కాదు బాబూ, ఆరాధన. పొద్దున్న నిలబడితే మద్దేన్నం భోజనాల దాకా. ఫ్యానులన్నీ పాస్టరు గారి వైపే తిరుగుతాయి.”

ఆవిడ వెళ్లాక పైడిరాజు నా చేతిలో ఒక పాలిస్టరు ముక్క పెట్టాడు. “వాదన దేనికి బావా? ఇది మెడకి సుట్టుకోని ఆవిరి గదిలో పని సూసుకో. మద్దేన్నం తర్వాత నువ్వేటి సెప్తే అదే సేద్దాం.”

పంతానికి చుట్టుకున్నాను. భోజనం గంట కొట్టకముందే తీసి అవతల పారేశాను. గుమ్మంలో నిలబడి నవ్వాడు. “ఏటి బావా, అప్పుడే దేవుడు గేపకం వొచ్చాడేటి?”

సరే, నూలే అనుకున్నాం. ఏ నూలు అన్నది తర్వాతి ప్రశ్న. పైడిరాజు రకరకాల ముక్కలు తెచ్చి టేబుల్ మీద పరిచాడు. పోగు తీసి అగ్గిపుల్లతో కాల్చాడు. నూలంటూ అమ్మిన ఒకటి కరిగి నల్లపూసలా గట్టిపడింది. అందులో పాలిస్టరు కలిసిందన్నమాట. ఇంకోదాని మీద నీటిబొట్టు వేస్తే చేమాకు మీద నిలిచినట్టు నిలిచింది. గంజి పోలేదు. చేత్తో వడికిన నూలుతో నేసిన ఖాదీ ఎంతో బాగుంది గాని, దాని పోగు ఒకచోట సన్నం, ఒకచోట లావు. రంగు చిమ్మే హెడ్ బట్టకు గోరంత ఎత్తులో నడుస్తుంది. లావు పోగు తగిలితే హెడ్ దెబ్బతింటుంది, ప్రింటు అలుక్కుపోతుంది. చివరికి మిల్లు నూలుతో మగ్గం మీద నేసిన సన్నబట్టను ఎంచాడు. పోగు సమంగా ఉంది, గాలాడుతుంది, గంజి వేడినీళ్లకు వదిలేస్తుంది. నమూనా ముక్క మీద ప్రింటు తీస్తే పిచ్చుక కన్ను కూడా స్పష్టంగా వచ్చింది. నా ఇన్నేళ్ల పనిలో నూలు మీద అంత శుభ్రమైన గీత చూడలేదు. ఆ మాట ఆరోజు పైకి అనలేదు. అనాల్సింది.

తానులు దిగాయి. మా వైపు కొన్ని ఇళ్లలో, మగ్గం మీంచి తాను కోయగానే రెండు కొనలకూ పసుపు రాస్తారు. కొత్తబట్టకు శుభం. పైడిరాజు అది చూసి, మందు పట్టించే ముందు కొనలు జానెడు కోసేయమని బట్టను మందులో ముంచే ప్యాడింగ్ ఆపరేటర్ అప్పన్నకు నా ఎదుటే చెప్పి, వేరే సరుకు చూడటానికి రాజాం వెళ్లాడు.

నేను లెక్క చూసుకుంటే, కొనలు కోస్తే చీర పొడవు తగ్గుతుంది, డిజైను ఫైలు మళ్లీ మొదటినుంచీ సరిచేయాలి. ఆ ఫైలు మీద అప్పటికే చాలా తంటాలు పడ్డాను. కొనలు కొయ్యొద్దని, తానులు ఒకదానికొకటి కుట్టి నడిపించేయమని అప్పన్నతో చెప్పాను. ఉతుకులో ఆ కాస్త పసుపు పోతుందిలే అన్నాను.

పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని తెలియని ఇల్లు మన దగ్గర ఉండదు. సోడా కూడా సున్నం చేసే పనే చేస్తుంది. తానుల కొనలు మందులోకి దిగగానే, గంజి తీసిన వేడినీళ్లకు కూడా పోని పసుపు ఎర్రబడి, మందులో కరిగి, బట్టను పిండే రోలర్లకు అంటుకుంది. రోలరు తిరిగిన ప్రతిసారీ బట్ట మీద ఒక మరక. నేను కంప్యూటరు గదిలోంచి వచ్చేసరికి బట్టంతా ముంచడం అయిపోయింది. తెల్లగా ఉండాల్సిన చీరల నేల నిండా ఇటుకరంగు మచ్చలు. మళ్లీ నేయించడానికి వ్యవధి లేదు.

సాయంత్రానికి పైడిరాజు తిరిగొచ్చాడు. బట్టను చూసి ముందు నవ్వాడు. “పెళ్లికూతురి కాళ్లకి ఎట్టాల్సిన పారాణి మన తాన్లకి ఎట్టారేటి!” తర్వాత నవ్వు ఆపి అడిగాడు. “కొనలు కోయమన్నాను గదా. వొద్దన్నది ఎవులు?”

అప్పన్న తల వంచుకున్నాడు. యజమాని అక్కడే ఉన్నారు. నేను రోలరు చూస్తున్నట్టు వంగాను. ఎవరూ జవాబు చెప్పకపోయేసరికి యజమానే తీర్పు చెప్పేశారు. చేనేత బట్ట తెచ్చినవాడిదే తప్పన్నారు. మిల్లుబట్టకు పసుపు ఉండేదా అన్నారు. పైడిరాజు నా వైపు ఒకసారి చూశాడు. అతనికి అర్థమైందని నాకు అర్థమైంది. నేను నోరు తెరవలేదు.

అతను మాత్రం అలిగి కూర్చోలేదు. మర్నాడు పొద్దున్నే బట్టనంతా నీళ్లలో జాడించి మందు వదిలించాడు. తర్వాత పలచటి వెనిగర్ నీళ్లలో తిప్పాడు. సోడా చచ్చి, ఎరుపు తిరిగి పసుపయింది. అప్పుడు మమ్మల్నందర్నీ బట్టతో మేడ ఎక్కించాడు. పసుపుకు ఎండ పడదు. దాన్ని ఎండే తినేస్తుంది. తాళ్లు కట్టి తానులు ఆరవేశాం. ఆరుతుంటే నీళ్లు చల్లాం, పక్క తిప్పాం. మధ్యాహ్నం మబ్బేసి ఈదురుగాలి లేస్తే అందరం పరుగెత్తి బట్టను చుట్టబెట్టాం. యజమాని కూడా పంచె ఎగ్గట్టి ఒక కొన పట్టుకున్నారు. గాలి తగ్గాక మళ్లీ ఆరవేశాం.

మర్నాడు అదే పనిలో ఉండగా ఎస్తేరు టీచరు గారు చెప్పాపెట్టకుండా దిగారు. యజమాని ఏదో చెప్పబోతుంటే పైడిరాజు అడ్డొచ్చాడు. “పసుపు మరకలు టీచరు గారూ. ఎండకి పోతన్నాయి. పోకపోతే ఈ చీరలు మీకివ్వం.”

ఆవిడ కళ్లజోడు సర్దుకుని ఒక తాను దగ్గరగా చూశారు. “పసుపు మేము గుమ్మాలకి రాయం గాని పప్పులో వేసుకుంటాం బాబూ. నా తెల్లచీరల మీద ఎన్ని పులుసులు ఒలకలేదు! పోతుందిలే. ఆ మూల ఇంకా ఉంది, తిప్పు.” అని, తన గొడుగు గోడకు ఆనించి, తిప్పడానికి తనూ ఒక చెయ్యి వేశారు.

మూడోనాటికి కంటికి మచ్చ ఆనలేదు. కంటికి ఆనకపోవడం చాలదన్నాడు పైడిరాజు. పసుపు ఏ కాస్త మిగిలినా మళ్లీ మందులో ముంచగానే ఎరుపు తిరుగుతుంది. అందుకని గ్లాసులో సోడా నీళ్లు కలిపి, మచ్చలు పడ్డ ప్రతిచోటా వేలితో ఒక చుక్క వదిలాడు. ఎర్రబడ్డచోట మళ్లీ ఎండ చూపించాం. అలా మధ్యాహ్నం దాకా చుక్కలు వేస్తూ పోయాడు. చివరి తాను మీద చుక్క వేసి అందరం వంగి చూశాం. చుక్క నీటి రంగులోనే ఉంది. అప్పన్న ఈల వేశాడు. అదే ఆ పరీక్ష పుట్టుక.

ఈసారి కొనలు కోశాం. ఫైలు నేను సరిచేశాను. అది అనుకున్నంత పెద్ద పనేమీ కాలేదు. మళ్లీ మందు పట్టించి, ప్రింటు తీసి, ఆవిరిలో పెట్టి ఉతికాం. పాలలాంటి నేల మీద కంకులు పైరు పచ్చగా లేచాయి. పిచ్చుకలు ఎగరడమే తక్కువ. వార్షికోత్సవం నాడు మేమంతా చర్చిలో వెనక బల్లల మీద కూర్చున్నాం. బృందం లేచి నిలబడితే పొలం లేచి నిలబడ్డట్టుంది. మధ్యాహ్నం దాకా పాడారు. ఒక్కరూ పైటతో విసురుకోలేదు. బయటికొచ్చాక మిగతా సంఘాల ఆడవాళ్లు చీరకొంగులు పట్టుకుని, ఎక్కడ వేయించారని అడిగారు. ఆ సంవత్సరమంతా మా యూనిట్‌కు చేనేత మీద ప్రింటు పని ఆగకుండా వచ్చింది. ఉత్తరాంధ్రలో ఆ పని చేయగలవాళ్లం మేమేనని పేరొచ్చింది.

అంత గెలుపులో నా వాటా నేను తీసుకున్న తీరు ఇది. చర్చి ఆవరణలో పెద్దలు శాలువా కప్పుతుంటే యజమాని నన్ను ముందుకు తోశారు. బట్ట ఎంపిక దగ్గర్నుంచి అంతా మా రామ్మూర్తి గారి చలవే అన్నారు. నేను నమస్కారం పెట్టాను. పైడిరాజు రెండో వరసలో చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత బట్ట ఎంపిక కూడా నాకే అప్పగించారు, సోడా చుక్కకూ నా పేరే పడింది. పైడిరాజును డిస్పాచ్‌కు మార్చారు. బట్ట ముట్టుకోకుండా పార్సిళ్లకు చీటీలు అంటించే పని అది. కుర్రాళ్లు అతన్ని ‘పారాణి పైడిరాజు’ అని పిలిచేవారు. ఒకసారి నా ముందే పిలిస్తే నేను విననట్టు ఊరుకున్నాను. ఏడాది తిరక్కుండా మానేసి, అరసవల్లిలో ప్రింటుకు సిద్ధంగా ఉన్న బట్ట అమ్మే కొట్టు పెట్టుకున్నాడు.

ఆవిరి గది ఊపిరికి పడక నిరుడు, యాభై రెండో ఏట, నేనూ ఉద్యోగం మానేశాను. ఈ వేసవిలో, కొత్తగా చేరినవాళ్లకు బట్ట ఎంపిక గురించి ఒకపూట చెప్పమని యజమాని కబురంపారు. పైడిరాజును కూడా పిలిస్తేనే వస్తానన్నాను. ఇద్దరినీ టేబుల్ ముందు కూర్చోబెట్టారు. అప్పన్న చేనేత ముక్క తెచ్చి, కొత్తవాళ్లకు ‘రామ్మూర్తి చుక్క’ చూపించబోయాడు. నేను ఆపాను. జరిగింది మొదటినుంచీ చెప్పాను.

ఆ ఉదంతం నాకు నేర్పిన విషయాలు రెండు. నీటిబొట్టు, అగ్గిపుల్ల చాలవు, ఆ బట్ట ఏ చేతుల మీదుగా వచ్చిందో, ఆ చేతులు దానికి ఏం రాశాయో తెలుసుకుంటేనే ఎంపిక పూర్తయినట్టు. రెండోది, పని చెడినప్పుడు ఎవరు చెడగొట్టారో తెలిసినవాడు అక్కడే, ఆ గదిలోనే చెప్పాలి. ఆలస్యమైతే ఆ మరక ఇంకొకరి పేరుకు అంటుకుంటుంది. దాన్ని ఎండ తినదు.

చెప్పడం అయ్యాక యజమాని అప్పన్న వైపు చూశారు. అప్పన్న ఔనన్నట్టు తలూపాడు. పైడిరాజే ముందు నోరు తెరిచాడు. “ఈ ముక్క ఆవేళే సెప్పుంటే నాకు కొట్టే ఉండీది కాదు బావా. ఇప్పటికీ ఈ ఆవిరి గదిలోనే ఉడుకుతుండీవోణ్ణి.” కుర్రాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు. “అయినా పార్సిళ్లకి సీటీలంటించిన ఆ ఏడాది నానేటి అనుకున్నానో నీకు సెప్పను. నువ్వే అనుకో.”

అనుకున్నాను. లేచి నిలబడి, అందరికీ వినబడేటట్టు అతనితో ఇలా చెప్పాను: “ఆ బట్టను ఎంచింది నువ్వు. కొనలు కొయ్యొద్దన్నది నేను. నువ్వు అడిగినప్పుడు నోరు మూసుకున్నదీ నేనే. నన్ను క్షమించు పైడిరాజూ.”